వాల్వు చప్పుడు కోసం, రెండో పైపు వరద కోసం

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. పగడాల ట్యాంకు 120 × 60 × 50 సెంటీమీటర్లు, కింద సంపు, అంటే పంపు కూర్చునే రెండో తొట్టి, 90 × 45 × 40. ట్యాంకు మూలలో ఓవర్‌ఫ్లో పెట్టె, అంటే పైఅంచు పళ్ల సందుల్లోంచి ట్యాంకు నీళ్లు పొర్లి పడే పెట్టె, దాని అడుగున రెండు రంధ్రాలు. ఒకదాంట్లోంచి నీళ్లు సంపులోకి దిగుతాయి, రెండోదాంట్లోంచి పంపు నీళ్లు పైకి తోస్తుంది. దిగే పైపుకి బాల్ వాల్వు ఉంది. అది ఎంత సర్దినా నిమిషానికోసారి గడగడమంటోంది, పెట్టెలో మట్టం ఊయల ఊగుతోంది. మొన్న కరెంటు పోతే సంపు అంచుదాకా నిండి ఆగింది. అందుకని దిగే పైపుని అంగుళం నుంచి రెండంగుళాలకి మార్చి, పంపు పైపుకి చెక్ వాల్వు, అంటే నీళ్లని వెనక్కి రానివ్వని వాల్వు, పెట్టేద్దామా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. లావు పైపుతో చప్పుడు పోదు. చెక్ వాల్వుని నమ్ముకుంటే ఏదో ఒక రోజు గది తుడుచుకోవాల్సి వస్తుంది. నేనైతే ఆ రెండో రంధ్రాన్ని పంపు దగ్గర్నుంచి లాక్కుని దాన్ని కూడా దిగే నీళ్లకే ఇస్తాను. పంపు పైపుని ట్యాంకు వెనక అంచు మీదుగా వంచి లోపలికి దించుతాను. చూడటానికి కాస్త వికారంగా ఉంటుంది, నిజమే. కానీ అప్పుడు మీకు దిగే దారులు రెండవుతాయి: ఒకటి గాలి లేకుండా నిండుగా పారే సైఫన్, ఇంకోటి అది మూసుకుపోతే ఆదుకునే ఎమర్జెన్సీ. ఈ ఏర్పాటుని హెర్బీ పద్ధతి అంటారు, దాన్ని పదిమందికీ పరిచయం చేసిన అభిరుచిపరుడి మారుపేరు అది.

ముందు చప్పుడు సంగతి. నీళ్లొక్కటే పారే పైపు చప్పుడు చేయదు, గాలొక్కటే ఉన్న పైపూ చేయదు. రెండూ కలిసి దిగితేనే గోల. మీ వాల్వు కాస్త ఎక్కువ తెరిచి ఉంటే పైపు పంపు ఇచ్చేదానికన్నా వేగంగా నీళ్లు లాగేస్తుంది. పెట్టెలో మట్టం పడిపోయి పైపు నోరు బయటపడుతుంది, గుటకేసినట్టు గాలి మింగుతుంది, సైఫన్ తెగిపోతుంది. మళ్లీ మట్టం పెరుగుతుంది, మళ్లీ సైఫన్ పడుతుంది. మీరు వింటున్న నిమిషానికోసారి గడగడ ఇదే. కాస్త ఎక్కువ మూస్తారా, ఈసారి మట్టం ఆగకుండా పెరుగుతుంది. ఇప్పుడు మీకు రెండో దారి లేదు కాబట్టి ఆ పెరిగే నీళ్లు పెట్టె నింపి, ట్యాంకు నింపి, నేల మీదికొస్తాయి. అందుకే మీరు భయపడి ఎప్పుడూ కాస్త ఎక్కువే తెరిచి ఉంచుతున్నారు, చప్పుడు భరిస్తున్నారు. తప్పు మీ చేతిది కాదు.

ఇంతకీ సరిగ్గా ఆ మధ్య బిందువు ఎందుకు దొరకదు? చిన్న లెక్క చూడండి. సైఫన్‌లో ప్రవాహం పెట్టెలో నీటిమట్టానికీ సంపులో నీటిమట్టానికీ మధ్య ఉన్న ఎత్తు మీద, ఇంకా చెప్పాలంటే ఆ ఎత్తు వర్గమూలం మీద ఆధారపడుతుంది. మీకు ఆ ఎత్తు 90 సెంటీమీటర్లనుకుందాం. పెట్టెలో మట్టం 3 సెంటీమీటర్లు పెరిగిందంటే 90 కాస్తా 93 అయింది. ప్రవాహం పెరిగేది 1.7 శాతం కన్నా తక్కువ. మీ ట్యాంకు సుమారు 360 లీటర్లు, గంటకి ఐదు రెట్లు తిప్పుతున్నారనుకుంటే పంపు 1800 లీటర్లు ఇస్తోంది. అందులో 1.7 శాతం గంటకి 30 లీటర్లు, అంటే నిమిషానికి అర లీటరు. మీ పెట్టె లోపల 25 × 15 సెంటీమీటర్లయితే ఆ అర లీటరుకే మట్టం నిమిషానికి 1.3 సెంటీమీటర్లు కదులుతుంది. వాల్వు కొద్దిగా తప్పితే చాలు, మట్టం తనంతట తాను సర్దుకునేలోపే పెట్టె అయితే ఖాళీ, లేకపోతే నిండిపోతుంది. పైగా పంపు వేగం రోజంతా ఒకేలా ఉండదు. కొన్ని వారాలకి పైపు లోపల జిగురు పొర పడుతుంది, పంపు మురికి పడుతుంది. ఇవాళ కుదిరిన బిందువు వచ్చే నెలకి కుదరదు.

కాబట్టి ఒక్క పైపుతో సరిసమానం చేయాలని చూడకూడదు. సైఫన్‌ని పంపు కన్నా రవ్వంత తక్కువకి బిగించి, ఆ మిగిలిన నీళ్లు రెండో పైపు నోటి మీదుగా పల్చగా, గోడ పట్టుకుని జారేలా చేయాలి. అలా జారే సన్నటి ధారకి చప్పుడుండదు. పంపు కొంచెం పెరిగినా తరిగినా ఆ ధార లావవుతుంది, సన్నబడుతుంది, అంతే. పెట్టెలో మట్టం మాత్రం రెండో పైపు నోటి దగ్గరే నిలబడుతుంది. మట్టాన్ని నిర్ణయించేది ఇక వాల్వు కాదు, ఆ పైపు ఎత్తు.

వాల్వు విషయానికొస్తే, బాల్ వాల్వు పావు తిప్పుకే పూర్తిగా తెరుచుకుంటుంది, పావు తిప్పుకే మూసుకుంటుంది. మీకు కావలసిన సర్దుబాటంతా ఆ పావులో ఓ వెంట్రుకవాసి దూరంలో ఉంటుంది. కొత్తలో పట్టేసినట్టు ఉంటుంది, బలం పెడితే ఒక్కసారి గబుక్కున దాటిపోతుంది. గేట్ వాల్వు అలా కాదు, లోపలి పలక మర మీద నెమ్మదిగా దిగుతుంది, పూర్తిగా మూయడానికి చాలా చుట్లు తిప్పాలి. అందుకే సైఫన్ పైపుకి గేట్ వాల్వే. అది సంపు దగ్గర, పైపు కింది భాగంలో ఉండాలి: చేతికి అందుతుంది, దాని పైనున్న పైపంతా నీళ్లతో నిండుగా ఉంటుంది. వాల్వుకి పైన ఒక యూనియన్, అంటే మర విప్పితే ఊడొచ్చే జోడు, వేయండి, విప్పి కడుక్కోవడానికి. ఇళ్లల్లో నీళ్ల పైపులకి వాడే ఇత్తడి గేట్ వాల్వు మాత్రం ముట్టుకోవద్దు. ఉప్పునీళ్లలో ఇత్తడి నుంచి రాగి కరుగుతుంది. రొయ్యలకీ, నత్తలకీ, పగడాలకీ రాగి విషం. ప్లాస్టిక్ వాల్వులోనూ నీటికి తగిలే చోట లోహపు స్ప్రింగు గానీ మర గానీ లేదని చూసుకుని తీసుకోండి.

ఎమర్జెన్సీ పైపుకి ఏ వాల్వూ ఉండకూడదు. జల్లెడ కూడా వద్దంటాను నేను, సైఫన్ నోటికి మాత్రం తప్పనిసరి. ఎమర్జెన్సీకి నోరు పైకి తెరిచి ఉంటే చాలు.

ఇక ఎత్తులు. ఈ పని మొత్తంలో నిదానంగా చేయాల్సింది ఇదే. పెట్టె పళ్ల సందుల అడుగు నుంచి ఎమర్జెన్సీ పైపు నోరు 3 నుంచి 5 సెంటీమీటర్లు కిందుంటే ట్యాంకు నుంచి పెట్టెలోకి పడే నీళ్ల చప్పుడు దాదాపు వినపడదు. ఇంకా కిందికి పెడితే చిన్న జలపాతం తయారవుతుంది. సైఫన్ నోరు ఎమర్జెన్సీ నోటి కన్నా సుమారు 15 సెంటీమీటర్లు కింద పెట్టండి. దగ్గరగా ఉంటే నీటి పైన సుడి ఏర్పడి గాలి లాగుతుంది. అలాగని మరీ లోతుకి దించితే కరెంటు పోయినప్పుడు ఆ మేర పెట్టె నీళ్లన్నీ సంపులోకి ఖాళీ అవుతాయి. మీ పెట్టెకి 15 సెంటీమీటర్లంటే 5.6 లీటర్లు. పెట్టె లోపలి నిలువు పైపులకి జిగురు పూయకండి, బిగుతుగా దూరిస్తే చాలు. కారినా కారేది పెట్టెలోనే కదా. రేపు ఎత్తు మార్చుకోవాలన్నా, లోపల పడ్డ నత్తని తీయాలన్నా పైపు ఊడి రావాలి.

సైఫన్ పైపు కింది చివర సంపు నీళ్లలో 2, 3 సెంటీమీటర్లు మాత్రమే మునగాలి. చప్పుడు తగ్గుతుందని చాలామంది అడుగుదాకా దించుతారు. కరెంటు వచ్చాక పైపులో చిక్కుకున్న గాలి ఆ లోతు నీళ్లని నెట్టుకుని బయటికి రావాలి, అది రాలేక సైఫన్ పట్టదు. మామూలుగా పంపు మొదలవగానే మొదటి ఒకటి రెండు నిమిషాలు ఎమర్జెన్సీ గోల చేస్తుంది, ఈలోపు సైఫన్ గాలిని బుడబుడ కక్కేస్తుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. ఐదు నిమిషాలైనా ఆ నిశ్శబ్దం రాకపోతే మొట్టమొదట ఈ మునక లోతే చూడండి. రెండోది, దారిలో పైపు ఎక్కడైనా అడ్డంగానో పైకి లేస్తూనో పోతోందా అని. మొదటి నుంచి చివరిదాకా కిందికే వాలాలి. మలుపు తప్పకపోతే ఒక 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీలవి వేయండి.

రెండంగుళాల పైపు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెప్తాను. అంగుళం పైపులో నీళ్లు సెకనుకి 2 మీటర్ల వేగంతో దిగితే గంటకి దాదాపు 3500 లీటర్లు. మీకు కావలసింది అందులో సగం, కాబట్టి అంగుళం మీకు కావలసినదానికన్నా ఎక్కువే. మీ 1800 లీటర్లు అంగుళం పైపులో సెకనుకి సుమారు ఒక మీటరు వేగంతో పోతాయి. అదే రెండంగుళాల పైపులో వైశాల్యం నాలుగు రెట్లు, వేగం పావు మీటరుకి పడిపోతుంది. నీళ్లలో కొన్ని మిల్లీమీటర్ల గాలి బుడగ పైకి తేలే వేగం కూడా సుమారు అంతే! అంటే నీళ్లు బుడగని కిందికి ఈడ్చలేవు, బుడగ పైకి పోలేదు. గాలి పైపులోనే కాపురం పెడుతుంది. సైఫన్‌కి సన్నటి పైపే మంచిదని నేను పదే పదే చెప్పేది ఇందుకే. ఎమర్జెన్సీ లావు పెంచాలనిపిస్తే పెంచుకోండి, దానికి అభ్యంతరం లేదు.

కరెంటు పోయిన రోజు సంగతి. పంపు ఆగితే ట్యాంకు నీళ్లు రెండు దారుల్లో కిందికొస్తాయి. ఒకటి, పెట్టె పళ్ల సందుల అడుగుదాకా ఉన్న పొర. రెండోది, పంపు పైపే తిరగబడి సైఫన్ అయ్యి, దాని నాజిల్, అంటే ట్యాంకులో నీళ్లు చిమ్మే మూతి, నీళ్ల పైకి తేలేదాకా లాగేది. మీ ట్యాంకు ఉపరితలం 7200 చదరపు సెంటీమీటర్లు, ఒక్కో సెంటీమీటరుకి 7.2 లీటర్లు. నాజిల్ 4 సెంటీమీటర్ల లోతులో ఉంటే దాదాపు 29 లీటర్లు వస్తాయి. దానికి పెట్టెలోని 5.6, పైపుల్లో మిగిలిన ఒకటి ఒకటిన్నర కలిపితే 36 లీటర్లు. సంపు అడుగు వైశాల్యం 4050, కాబట్టి మట్టం 9 సెంటీమీటర్లు పెరుగుతుంది. మీ సంపు 40 ఎత్తు, పంపు నడిచేటప్పుడు మట్టం 30 దగ్గర ఉందన్నారు. అంచుదాకా రాక ఏమవుతుంది! నాజిల్‌ని నీటి కింద 2 సెంటీమీటర్లకి లేపండి, ట్యాంకు నుంచి వచ్చేది 14 లీటర్లకి తగ్గుతుంది, సంపులో పెరిగేది 5 చిల్లర. అలా లేపాక కూడా నడిచే మట్టాన్ని 28కి మించనివ్వకండి, అక్కడో గీత గీసి పెట్టుకోండి.

నాజిల్ పైన, నీటిమట్టానికి కాస్త కింద పైపుకి 5, 6 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే గాలి దూరి సైఫన్ తెగుతుంది కదా అంటారు. తెగుతుంది, ఆ రంధ్రం తెరిచి ఉన్నన్నాళ్లు. గులాబీ రంగు సున్నపు నాచు దాన్ని కొన్ని నెలల్లో పూడ్చేస్తుంది, లేదా ఓ చిన్న నత్త వెళ్లి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. రంధ్రం వేయండి, కానీ నాజిల్ ఎత్తునే నమ్మండి.

చెక్ వాల్వు కథ నా సొంతది. మొదటి ట్యాంకుకి రెప్ప తలుపున్న చెక్ వాల్వు పెట్టాను. పెట్టిన రోజు నాలుగుసార్లు ప్లగ్గు పీకి చూసి మురిసిపోయాను, బొట్టు వెనక్కి రాలేదు. ఆ ధీమాతో సంపుని నిండుగా నడిపాను. ఎనిమిది నెలల తర్వాత ఓ రాత్రి కరెంటు పోయింది. పొద్దున లేచి మంచం మీంచి కాలు కింద పెడితే ఉప్పునీళ్లు. విప్పి చూస్తే ఆ తలుపు కీలు దగ్గర గవ్వంత కూడా లేని గొట్టపు పురుగు ఒకటి సున్నంతో ఇల్లు కట్టుకుంది, తలుపు రెండు మిల్లీమీటర్లు తెరుచుకుని ఉండిపోయింది. ఉంటే నష్టం లేదు, కానీ మీ లెక్కలో అది లేనట్టే సంపు కొలవండి. దాన్ని నెలకోసారి విప్పి కడిగే ఓపిక ఉన్నవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. నాకూ లేదు.

పైపులు మార్చాక రెండు పరీక్షలు చేయకుండా ఇంట్లోంచి కదలకండి. మొదటిది: పంపు పూర్తి వేగంలో ఉండగా సైఫన్ గేట్ వాల్వు మొత్తం మూసేయండి. నీళ్లన్నీ ఎమర్జెన్సీ ఒక్కటే మోయాలి, గోలగోలగా అయినా సరే. పెట్టె నిండి ట్యాంకు మట్టం ఎక్కడో ఒకచోట నిలబడిపోవాలి. నిలబడకపోతే పంపు తగ్గించాలి, లేదా ఆ పైపు లావు పెంచాలి. ఎమర్జెన్సీ కింది చివర సంపు నీళ్లకి పైనే ఉంచండి, అది పనిచేసిన రోజు ఇల్లంతా వినపడాలి. చప్పుడు లేకుండా పనిచేసే ఎమర్జెన్సీ వల్ల సైఫన్ మూసుకుపోయిందన్న సంగతి మీకు తెలియనే తెలియదు.

రెండోది: రెండు దారులూ మూసుకుపోయాయనుకోండి. పంపు సంపులో తానున్న గదిలో నీళ్లన్నీ పైకి తోసి, గాలి పీల్చేదాకా ఆగదు. మీ పంపు గది 45 × 20, పంపు నోటి పైన 20 సెంటీమీటర్ల నీళ్లుంటే అవి 18 లీటర్లు. ట్యాంకు అంచుకి 3 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే పట్టేది 21.6. సరిపోతుంది, బొటాబొటిగా. ఇక్కడే చాలామంది మరిచిపోయేది ఆటో టాప్ ఆఫ్, అంటే ఆవిరైన నీళ్లని దానంతటదే నింపే ఏర్పాటు. పంపు గది మట్టం పడగానే అది నీళ్లు ఆవిరైపోయాయనుకుని మంచినీళ్లు పోస్తుంది, పంపు వాటినీ పైకి తోస్తుంది. 20 లీటర్ల డబ్బా ఖాళీ అయితే 18 కాస్తా 38 అవుతుంది, పట్టే చోటు 21.6 మాత్రమే. మిగతా 16 నేల మీదికే. పైగా, 400 లీటర్ల నీళ్లలో వెయ్యికి 35 పాళ్లున్న లవణీయత ఆ 20 లీటర్లు కలిస్తే 33.3 దగ్గరికి దిగుతుంది, పగడాలకి అదో దెబ్బ. టాప్ ఆఫ్ పంపు ఒకసారికి కొన్ని నిమిషాలకి మించి నడవకుండా టైమర్ పెట్టండి, డబ్బాని చిన్నది చేయండి.

సైఫన్ మూసుకుపోవడానికి కారణాలు నేను చూసినవి: నత్త, చోటు మారుదామని బయల్దేరిన ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి), ఊడిన నాచు ముద్ద. పెట్టె పళ్ల మీద ప్లాస్టిక్ వల కడితే ఇవి ఆగుతాయి కానీ వలే పూడుకుపోయి ట్యాంకు మట్టం పెరుగుతుంది, వారానికోసారి కడగాలి. పళ్ల వరస పొడవు చాలదా అన్న అనుమానం మీకు అక్కర్లేదు. సెంటీమీటరుకి గంటకి సుమారు 100 లీటర్లన్నది అందరూ వాడే మోటు లెక్క. మీ పెట్టె రెండు వైపులా కలిపి 40 సెంటీమీటర్లు, పళ్లు సగం తినేసినా మీ 1800కి చాలు.

మూడో రంధ్రం వేసే వీలుంటే బీన్ యానిమల్ అనే ఏర్పాటు ఇంకా మేలు. సైఫన్, మిగిలిన ధార కోసం గాలితో నడిచే తెరిచిన పైపు, ఎప్పుడూ పొడిగా ఉండే ఎమర్జెన్సీ. ఆ తెరిచిన పైపుకి సన్నటి గాలి గొట్టం ఉంటుంది, మట్టం పెరిగి గొట్టం మూతి మునిగితే గాలి ఆగి అది కూడా సైఫన్‌గా మారిపోతుంది. చాలా తెలివైన పని. కానీ నీళ్లతో నిండిన ట్యాంకుకి మీరిప్పుడు రంధ్రం వేయలేరు. ఖాళీ చేసినా, గట్టిపరచిన అద్దానికి డ్రిల్ తగిలిందంటే పలక మొత్తం ముక్కలే. ట్యాంకుల అడుగు పలక తరచూ అలాంటిదే ఉంటుంది. మీకున్న రెండింటితో హెర్బీ చాలు.

అతికించే పని గురించి క్లుప్తంగా. బల్క్‌హెడ్, అంటే అద్దం రంధ్రంలో పైపుని బిగించే జోడు, దాని రబ్బరు వాషర్ అంచు వైపు, అంటే నీళ్లున్న వైపు ఉండాలి, రెండు పక్కలా కాదు. చేత్తో బిగించి ఆపైన పావు చుట్టు, అంతకు మించితే పగులుతుంది. సిలికాన్ పీవీసీని గట్టిగా పట్టుకోదు, కారే చోట దాన్ని పూసి సరిపెట్టుకోవద్దు. పైపులన్నీ ముందు జిగురు లేకుండా అమర్చి, కీళ్ల మీద మార్కర్‌తో గీతలు గీసి, ఆ తర్వాత ఒక్కోటి విప్పి సాల్వెంట్ సిమెంట్ వేయండి.

మొదటిసారి సర్దేటప్పుడు గేట్ వాల్వు పూర్తిగా తెరిచి పంపు వేయండి, సైఫన్ గాలి కక్కేదాకా ఆగండి. తర్వాత అర చుట్టు, పావు చుట్టు మూస్తూ, ఒక్కోసారి తిప్పాక పావుగంట ఊరుకోండి. పెట్టె మట్టం ఎమర్జెన్సీ నోటిని తాకి దారంలా జారడం మొదలైతే అక్కడ ఆపండి. చక్రం మీదా వాల్వు ఒంటి మీదా ఒక గీత గీయండి. నెలకోసారి వాల్వు పూర్తిగా మూసి, ఎన్ని చుట్లకి మూసుకుందో లెక్కపెట్టుకుని, మళ్లీ అన్నే చుట్లు తెరవండి. వాల్వు పట్టేయకుండా ఉంటుంది, ఎమర్జెన్సీ పరీక్షా అయిపోతుంది. చక్రం ఎప్పుడైనా బిగుసుకుంటే బలం పెట్టకండి, యూనియన్ దగ్గర విప్పి వెనిగర్‌లో ఓ రాత్రి నానబెట్టండి.